మన పిల్లలు గీసిన బొమ్మ ఎవరిది?

ఏజెన్సీ ఊళ్లకు ఇప్పుడు రంగుల పెట్టెలు వస్తున్నాయి. ఆశ్రమ పాఠశాలకో, పునరావాస కాలనీకో, వలస గూడేనికో ఎవరో ఒకరు వస్తారు. పిల్లల్ని గుండ్రంగా కూచోబెడతారు. తెల్ల కాగితాలు, క్రేయాన్లు పంచుతారు. "మీ మనసులో ఏముందో గీయండి" అంటారు. దీనికి పేరు ఆర్ట్ థెరపీ. సాయంత్రం ఫొటోలు దిగుతారు. బొమ్మలన్నీ సంచిలో పెట్టుకుని బండెక్కుతారు.

ఈ పని వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మన పిల్లలకు ఇది కావాలి. ఐదారేళ్ల వయసులోనే అమ్మానాన్నల్ని వదిలి హాస్టల్ గచ్చు మీద పడుకునే పిల్ల ఉంది. ప్రాజెక్టు కింద ఊరు పోతే సామాన్లతో పాటు ట్రాక్టరెక్కిన పిల్లాడు ఉన్నాడు. 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చిన కోయ కుటుంబాల పిల్లలు గోదావరికి రెండు పక్కలా ఉన్నారు. ఏమైందమ్మా అని అడిగితే "ఏం లేదు సార్" అంటారు. నోటితో చెప్పలేనిది చేత్తో గీస్తారు. అది నిజమే.

కానీ గీసిన తర్వాత ఏం జరుగుతోంది? ఆ బొమ్మకు అర్థం చెప్పేది ఎవరు? దాన్ని దాచుకునేది ఎవరు? అందులో కనపడ్డ బాధకు కారణమైనవాళ్లను నిలదీసేది ఎవరు? ఈ మూడింటిలో పిల్లలకు, వాళ్ల ఊరికి చోటు లేకపోతే అది వైద్యం కాదు. తునికాకు పోయింది, వెదురు పోయింది, భూమి పోయింది, ఇప్పుడు బొమ్మ కూడా పోతోందని లెక్క.

ఇది చదువుతున్న మీరు ఆశ్రమ పాఠశాలలో టీచర్ కావొచ్చు, ఏదో సంస్థలో పనిచేస్తుండొచ్చు, సైకాలజీ చదివి ఈ దారిలోకి రావాలనుకుంటున్న మన పిల్లే కావొచ్చు. మీరెవరైనా కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు ఈ పనికీ డ్రాయింగ్ క్లాసుకీ తేడా తెలుసుకుందాం. ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు క్షయతో శానిటోరియంలో మంచం పట్టినప్పుడు, బొమ్మలు గీయడం తనకు ఎంత ఊరటనిచ్చిందో గమనించాడు. పక్క మంచాల్లో ఉన్న రోగులచేత కూడా గీయించాడు. 1942లో ఆయనే దీనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడంటారు. ఆ తర్వాత బ్రిటన్‌లో 1964లో, అమెరికాలో 1969లో ఈ వృత్తివాళ్లకు సంఘాలు ఏర్పడ్డాయి. శిక్షణ తీసుకున్న థెరపిస్టు బొమ్మ బాగుందా లేదా అని చూడరు. మార్కులు ఉండవు, పోటీ ఉండదు, ఫస్టు ప్రైజు ఉండదు. వారం వారం అదే రోజు, అదే చోట కూచుంటారు. గీసినదాన్ని భద్రంగా దాస్తారు. పిల్ల మాట్లాడితే వింటారు, మాట్లాడకపోతే పక్కన ఊరికే కూచుంటారు. పని ముగించేటప్పుడు కూడా ముందే చెప్పి, మెల్లగా ముగిస్తారు.

ఒక్క పూట వచ్చి పోయేది డ్రాయింగ్ క్లాసు. అందులో తప్పేం లేదు, పిల్లలు సంతోషంగా గీసుకుంటారు. దానికి వైద్యమని పేరు పెట్టడమే తప్పు. పొద్దున వచ్చి, పిల్ల లోపల దాచుకున్నదాన్ని తవ్వి, మూత పెట్టకుండా సాయంత్రం వెళ్లిపోతే ఆ రాత్రి హాస్టల్లో ఆ పిల్ల పక్కన ఎవరుంటారు? అంత తీరిక, ఓపిక లేనప్పుడు లోపలికి తవ్వొద్దు. హాయిగా పూలు, నెమళ్లు గీయించి వెళ్లండి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బొమ్మకు అర్థం చెప్పేది ఎవరు?

ఇల్లు, చెట్టు, మనిషి అని ఒక పరీక్ష ఉంది. 1948లో జాన్ బక్ అనే అమెరికా సైకాలజిస్టు తెచ్చాడు. ఈ మూడూ గీయమని, వాటిని బట్టి మనసును చదవడం. దీని మీద శాస్త్రంలోనే చాలా విమర్శలున్నాయి. అయినా ట్రైనింగుల్లో ఇప్పటికీ చెప్తూనే ఉంటారు. ఇంటికి కిటికీలు లేకపోతే ఆ పిల్ల ఎవరితోనూ కలవదని అర్థమట. చెట్టు మొద్దు మీద గాట్లు, తొర్రలు గీస్తే పాత గాయానికి గుర్తట.

మన ఇళ్లు చూసినవాళ్లెవరైనా ఇది విని నవ్వుతారు. కొండరెడ్ల, కోయల పాతకాలపు ఇళ్లు చాలావాటికి కిటికీలు ఉండవు. వెదురు తడికెకు మట్టి మెత్తుతారు, వంగి దూరే తలుపు పెడతారు, అంతే. వెలుతురు కావాలంటే బయట అరుగు ఉంది, ఊరంతా ఉంది. కిటికీ లేని ఇల్లు గీసిన పిల్ల తన ఇంటినే గీసింది. చెట్టు మీద గాట్లా? తపసి చెట్టుకు బంక కోసం గాటు పెడతారు. ఆ బంక అమ్మితేనే సంతలో ఉప్పు, పప్పు వస్తాయి. జీలుగు చెట్టుకు కల్లు కోసం కోత పెట్టి కుండ కడతారు. తొర్రలో తేనె ఉంటుంది. ఆ పిల్ల గీసింది గాయం కాదు, వాళ్ల నాన్న పని. ఆ కాగితాన్ని పట్టుకుని ఫైల్లో "బాధిత లక్షణాలు" అని రాస్తే, పిల్లలో లేని జబ్బును మనమే అంటించినట్టు.

అదే పిల్ల తర్వాత పునరావాస కాలనీకి పోయి, వరసగా అన్నీ ఒకే తీరుగా ఉన్న సిమెంటు ఇళ్లు గీసి, ప్రతి ఇంటికీ రెండు కిటికీలు పెట్టిందనుకోండి. పరీక్ష ప్రకారం ఆ పిల్ల బాగుపడినట్టే! చెట్టు లేని ఆ వీధి వైపు చూసి "చెట్టేదమ్మా?" అని అడగాలంటే మీకు ఆ ఊరు తెలిసి ఉండాలి.

కాబట్టి బొమ్మకు అర్థం పుస్తకంలో వెతకొద్దు. గీసిన పిల్లనే అడగండి. అయితే ఏ భాషలో అడుగుతారు?

సవర పిల్లకు తెలుగు పరాయి భాష. కోయ, గోండీ, కువి మాట్లాడే పిల్లలకూ అంతే. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు పేరు చెప్పి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన వాడుక తెలుగు కోసం పోరాడాడని అందరూ చెప్తారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నాడని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నాడని, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు? అటు ఆదిలాబాద్ వైపు చూస్తే, కొమరం భీం అమరుడైన తర్వాత వచ్చిన హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు యువకులకు శిక్షణ ఇప్పించి, గోండీ వాచకాలతో బడులు మొదలుపెట్టించాడు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చెప్తోంది. అక్షరాలు నేర్పడానికే పిల్లల భాష కావాలని అంతకాలం కిందటే అర్థమైంది. మనసు వినడానికి అక్కర్లేదా? "బొమ్మకు భాష లేదు" అని చాలామంది అందంగా చెప్తారు. బొమ్మకు లేకపోవచ్చు. గీసిన పిల్లకు ఉంది. ఆ పిల్ల ఏడుపు కూడా ఆ భాషలోనే వస్తుంది.

ఇంకో మాట. బొమ్మతో మనసు నెమ్మదించుకోవడం మనకు ఇప్పుడు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు.

శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోనూ, పక్కనే ఒడిశాలోనూ ఉన్న సవరల ఇళ్లలో గోడ బొమ్మ వేసే ఆచారం ఉంది. దాన్ని ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో గీస్తారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, చనిపోయినవాళ్లు కలలోకి వచ్చినా, పంట బాగుండాలన్నా ఆ బొమ్మ వేస్తారు. ఇల్లులాంటి ఒక చట్రం, అందులో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు. వెరియర్ ఎల్విన్ దీని గురించి వివరంగా రాశాడు. ఆయన చూసిన గోడల మీద అప్పటికే రైళ్లు, సైకిళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. బయటినుంచి వచ్చిపడ్డ కొత్త ప్రపంచాన్ని కూడా గోడ మీదికి ఎక్కించి మచ్చిక చేసుకున్నారన్నమాట. బొమ్మ పూర్తయ్యాక కుడాన్ ద్వారా ఆ ఆత్మను పిలిచి చూపిస్తారు. ఇది తక్కువైంది, అది మర్చిపోయారు అని ఆత్మ అలిగితే మళ్లీ గీస్తారు. ఇంటిల్లిపాదీ కూచుని వింటారు.

పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒడిశా సవరల మధ్య చాలాకాలం గడిపి 1993లో ఒక పుస్తకం రాశాడు. చనిపోయినవాళ్లతో బతికున్నవాళ్లు పూనకం ద్వారా ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం, పోట్లాడుకోవడం, ఏడవడం, చివరికి ఆ దుఃఖం చల్లబడడం గురించి అందులో ఉంది. మనవాళ్లు దీన్ని మూఢనమ్మకమని చిన్నబుచ్చుకోవడం నేర్చుకున్నారు. జ్వరమొస్తే ఆస్పత్రికి పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ దుఃఖాన్ని ఒక్కరి తలలో కుక్కకుండా ఇంటిల్లిపాదీ పంచుకోవడం మూఢత్వం ఎట్లా అవుతుంది?

కోయల దగ్గర పడిగె ఉంది. వేల్పుల కథ, వంశం కథ బొమ్మలుగా ఉన్న గుడ్డ. డోలీలు దాన్ని ముందు పెట్టుకుని గోత్రం గోత్రానికీ వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు పాడతారు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అవార్డు ఇచ్చినవాళ్లు దాన్ని కళ అన్నారు. ఆ పాట వినే కోయ పిల్లకు అది కళ కంటే ఎక్కువ. నువ్వు ఎవరి బిడ్డవో, ఎక్కడినుంచి వచ్చావో చెప్పే మాట. ఊరు వదిలి వచ్చిన పిల్లకు అంతకంటే కావాల్సింది ఏముంటుంది?

అందుకే ఊళ్లోకి వచ్చే థెరపిస్టు మొదటి నెల క్రేయాన్లు బయటికి తీయకపోయినా ఫరవాలేదు. ఇక్కడ ముగ్గు ఎవరు వేస్తారు, గోడ ఎవరు అలుకుతారు, చావుకు ఎవరు పాడతారు అని తెలుసుకుంటే చాలు. ఎర్రమట్టి, సున్నం, బొగ్గు, పసుపు, మోదుగు పువ్వు ఊళ్లోనే దొరుకుతాయి. మీరు వెళ్లిపోయాక కూడా అవి ఇక్కడే ఉంటాయి.

రెండో ప్రశ్న. బొమ్మను దాచుకునేది ఎవరు?

దీనికి చరిత్రలో గట్టి పాఠాలున్నాయి. ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్ అనే యూదు చిత్రకారిణిని నాజీలు 1942 చివర్లో తెరెజిన్ నిర్బంధ నగరానికి తరలించారు. ఆమె అక్కడ పిల్లల చేత రహస్యంగా బొమ్మలు గీయించింది. బొమ్మల మీద పేర్లు రాయించింది. మనుషులు అంకెలుగా మారిన చోట పేరు రాయించడమే పెద్ద పని. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది కూడా బతకలేదు. రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. పేర్లున్నాయి కాబట్టి ఈ రోజు అవి ఆ పిల్లల తరఫున మాట్లాడుతున్నాయి. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రామర్ న్యూయార్క్‌కు తప్పించుకుపోయి, విల్ట్‌విక్ అనే వసతి బడిలో పేద పిల్లలతో పనిచేసి, పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్లలో ఒకరైంది. ఈ విద్య తరిమేయబడ్డ మనుషుల మధ్యే పెరిగింది. ఆ సంగతి దీన్ని మోసుకొచ్చేవాళ్లు మర్చిపోకూడదు.

కెనడాలో ఆదివాసీ పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టి, భాష మాన్పించి, కొట్టి, అవమానించారు. అందులో అల్బర్నీ స్కూలు ఒకటి. అక్కడ 1960ల కాలంలో రాబర్ట్ ఆలర్ అనే చిత్రకారుడు పిల్లలకు బొమ్మలు నేర్పాడు. వాళ్లు గీసినవి చాలావరకు దాచాడు. ఆయన పోయాక అవి విక్టోరియా విశ్వవిద్యాలయానికి చేరాయి. 2013లో ఆ బొమ్మల్ని గీసినవాళ్లను వెతికి, వాళ్ల సంప్రదాయం ప్రకారం విందు జరిపి, పేరు పేరునా తిరిగి ఇచ్చారు. అప్పటికి వాళ్లు అవ్వలు, తాతలు. ఆస్ట్రేలియాలో కారొలప్ అనే చోట 1940ల చివర్లో ఇట్లాగే ఇళ్లనుంచి వేరుచేసిన ఆదివాసీ పిల్లలు గీసిన బొమ్మలు చేతులు మారి అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయానికి పోయాయి. అవి అక్కడున్నాయని 2004లో బయటపడింది. 2013లోనే సొంత గడ్డకు తిరిగొచ్చాయి.

మన ఆశ్రమ పాఠశాలలు, ఆ స్కూళ్లు ఒకటే అనడం లేదు. ఇక్కడ చదువుకునే మనలో చాలామంది నాలుగు మెట్లు ఎక్కారు. కానీ బొమ్మల సంగతి మాత్రం ఒక్కసారి చూడండి. సంస్థ క్యాలెండర్ మీద, ఆఫీసు గోడ మీద, దాతలకు పంపే రిపోర్టు అట్ట మీద మన పిల్లల బొమ్మలుంటాయి. కింద "గిరిజన బాలిక గీసిన చిత్రం" అని ఉంటుంది. పేరుండదు. ఆ పిల్లను అడిగారా? ఏమని అడిగారు? తెల్లారి ఆమెకు ఒక నకలైనా ఇచ్చారా?

ఇక్కడ రెండు మాటలూ నిజమే. పేరు లేకుండా వాడుకోవడం దొంగతనం. పేరు పెట్టి, బాధను బయటపెట్టడం ఇంకా పెద్ద ద్రోహం. దీనికి దారి ఒక్కటే. ఏది ఎవరికి చూపాలో పిల్ల చెప్పాలి. చూపొద్దంటే చూపకూడదు, చించేస్తానంటే చించనివ్వాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కూడా చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోలు, వివరాలు వాళ్ల అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని చెప్తోంది. ఆస్పత్రిలో రోగికి ఉన్న మర్యాద గూడెంలో పిల్లకు లేదా?

రహస్యానికి ఒక హద్దు ఉంది. పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. "నువ్వు చెప్పేవన్నీ దాస్తాను, కానీ ఎవరైనా నిన్ను హింసిస్తున్నారని తెలిస్తే మాత్రం దాయను, నీకు తోడుగా వస్తాను" అని మొదటి రోజే పిల్లకు చెప్పండి. హాస్టల్ పరువు కోసం ఆ బొమ్మను మడిచి జేబులో పెట్టుకుంటే మీరూ అందులో భాగమైనట్టే.

ఇక మూడోది, అసలుది. బాధకు కారణమైనవాళ్లను అడిగేది ఎవరు?

పోలవరం కింద దాదాపు లక్ష కుటుంబాలు కదలాల్సిన లెక్కలో ఉన్నాయి. అందులో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. ఆ ఊళ్ల పిల్ల రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే ఆమెకు ధైర్యం చెప్పడం మంచి పనే. కానీ ఆమె ఉలికిపాటుకు "సర్దుకుపోలేకపోవడం" అని పేరు పెడితే తప్పంతా ఆ పిల్ల మీదికి పోతుంది. అప్పుడు ఊరు ముంచినవాళ్ల చేతులు శుభ్రం. భూమికి భూమి ఇవ్వకుండా రంగుల పెట్టె ఇచ్చి సరిపెడితే ఆ రంగులు మత్తుమందుతో సమానం.

అట్లాగని పిల్ల బొమ్మ తీసుకుపోయి కలెక్టర్ టేబుల్ మీద పెట్టమని కాదు. ఒక హాస్టల్లో పదిమంది ఆడపిల్లలు విడివిడిగా చీకటి దారి, దూరంగా బాత్రూము గీశారనుకోండి. ఒక్క బొమ్మ కూడా చూపక్కర్లేదు. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. వార్డెన్‌కు, ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసర్‌కు "అక్కడ లైటు వేయించండి, బాత్రూము దగ్గర కట్టించండి, రాత్రి ఒక ఆయమ్మను పెట్టండి" అని రాసివ్వొచ్చు. వేయించేదాకా వెంటపడొచ్చు. ఆ లైటు వెలిగిన రోజు పిల్లలకు జరిగే వైద్యం ఏ కాగితం మీదా జరగదు. తాము గీసింది ఎవరో విన్నారని, విన్నందువల్ల ఏదో మారిందని పిల్లలకు తెలుస్తుంది.

అందుకే మనం అడగాల్సినవి సూటిగా అడుగుదాం. ఊళ్లో అభివృద్ధి పథకాలకే గ్రామసభ ఆమోదం కావాలని 1996 నాటి పెసా చట్టం చెప్తోంది. పిల్లల మనసులోకి వెళ్లే పనికి కూడా ఊరి పెద్దల్ని, తల్లుల్ని ముందు అడగాలి. వచ్చేవాళ్లు కనీసం ఒక బడి సంవత్సరం ఉంటామని మాటివ్వాలి. భాష రాకపోతే ఆ భాష మాట్లాడే మన యువతిని లేదా యువకుణ్ణి దుబాసీగా కాకుండా జీతమిచ్చి సమాన ఉద్యోగిగా పెట్టుకోవాలి. ప్రభుత్వం ఆశ్రమ పాఠశాలల్లో కౌన్సిలర్ పోస్టులు పెట్టి, కోయ, గోండీ, సవర, కువి తెలిసిన మన పిల్లలకే శిక్షణ ఇప్పించి అందులో నియమించాలి. బొమ్మలు పిల్లలవని, పని ముగిశాక వాళ్లకే తిరిగి ఇవ్వాలని ప్రతి సంస్థా కాగితం మీద రాసివ్వాలి.

ఇవి పెద్ద కోరికలేం కావు. నిజంగా ఈ పని తెలిసినవాళ్లకు ఇందులో ఒక్కటి కూడా బరువనిపించదు. బరువనిపించినవాళ్లను ఊరి బయటనుంచే మర్యాదగా పంపించేద్దాం.

మీ బడికి, మీ ఊరికి ఈసారి రంగుల పెట్టె వచ్చినప్పుడు ఒక్క పని చేయండి. సాయంత్రం వాళ్లు బండెక్కే ముందు అడగండి: "ఆ సంచిలో ఉన్న బొమ్మలు ఎక్కడికి పోతున్నాయి?"